అడ్మిరల్ గాడ్‌ఫ్రే: శత్రువు గుట్టు చదివినవాడికి సొంత నావికుల గోడు ఎందుకు చేరలేదు

1946 ఫిబ్రవరి 21న ఆలిండియా రేడియోలో రాయల్ ఇండియన్ నేవీ అధిపతి గొంతు వినిపించింది. బొంబాయి రేవులో తిరగబడిన నావికులు బేషరతుగా లొంగిపోవాలని, లేకుంటే ఇంతకాలం గర్వంగా చెప్పుకుంటూ వచ్చిన నౌకాదళమే నాశనమైనా సరే ప్రభుత్వం తన చేతిలోని బలగాన్నంతా ప్రయోగిస్తుందని ఆయన హెచ్చరించాడు. ఆ మాటలన్న అడ్మిరల్ జాన్ హెన్రీ గాడ్‌ఫ్రే మన స్వాతంత్ర్య చరిత్రలో దాదాపు ఆ ఒక్క ప్రసంగంతోనే మిగిలాడు. బ్రిటన్‌లో ఆయన్ని తలచుకునే సందర్భం పూర్తిగా వేరు. 1939 మొదలు 1942 చివరిదాకా బ్రిటిష్ నౌకాదళ నిఘా విభాగానికి డైరెక్టర్‌గా ఉండి, హిట్లర్ జలాంతర్గాముల కదలికలను పసిగట్టే యంత్రాంగాన్ని తీర్చిదిద్దిన అధికారిగా అక్కడ ఆయనకు పేరు. జేమ్స్ బాండ్ కథల్లో 'ఎం' అనే పై అధికారికి ఆయనే నమూనా అన్న మాట కూడా బాగా ప్రచారంలో ఉంది. లండన్ గాడ్‌ఫ్రేకూ బొంబాయి గాడ్‌ఫ్రేకూ మధ్య ఎడం మూడేళ్ల పైచిలుకే. శత్రువు మనసులో ఏముందో చదవడం వృత్తిగా చేసుకున్న మనిషి, తన ఆజ్ఞల కింద పనిచేసే వేలాది నావికుల మనసులో ఏముందో ఎందుకు తెలుసుకోలేకపోయాడన్న ప్రశ్నకు జవాబు ఆయన స్వభావంలో కొంత ఉంది. అసలు భాగం మాత్రం నిఘా అనే వృత్తి నిర్మాణంలోనే ఉంది.

గాడ్‌ఫ్రే 1888లో బర్మింగ్‌హామ్‌లో పుట్టాడు. 1903లో క్యాడెట్‌గా నౌకాదళంలో చేరి, నావిగేషన్ అధికారిగా పైకి వచ్చాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో టర్కీలోని డార్డనెల్స్ జలసంధి మీది దాడిలోనూ ఆ తర్వాత మధ్యధరా నౌకాదళ కార్యాలయంలోనూ పనిచేశాడు. స్టాఫ్ కాలేజీలో బోధించాడు, ప్రణాళికా విభాగంలో ఉన్నాడు, 1936 నుంచి 'రిపల్స్' అనే యుద్ధనౌకకు కెప్టెన్‌గా వ్యవహరించాడు. ఈ ప్రయాణంలో ఎక్కడా గూఢచర్యం కనిపించదు. అది వింతేమీ కాదు. ఆనాటి బ్రిటిష్ నేవీలో నిఘా అంటే సముద్రం మీది కొలువుల మధ్య రెండు మూడేళ్లు కుర్చీలో గడిపే మజిలీ మాత్రమే, జీవితకాలపు వృత్తి కాదు. 1939 ఆరంభంలో ఆ కుర్చీలో కూర్చున్న గాడ్‌ఫ్రే ముందుగా సలహా అడిగింది అడ్మిరల్ రెజినాల్డ్ హాల్‌ను. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ విదేశాంగ మంత్రి జిమ్మర్‌మన్ పంపిన రహస్య తంతిని ఛేదింపజేసి, అమెరికా యుద్ధంలోకి దిగడానికి దారి వేసిన హాల్ అప్పటికే పదవీ విరమణ చేసి ఉన్నాడు. బ్యాంకర్లు, వ్యాపారులు, న్యాయవాదులతో పరిచయాలు పెంచుకోవాలని ఆయన నేర్పిన పాఠం గాడ్‌ఫ్రేకు బాగా ఒంటబట్టింది.

ఆ పాఠం ఫలితమే లండన్‌లో నౌకాదళ ప్రధాన కార్యాలయమైన అడ్మిరాల్టీ భవనంలోని 39వ నంబరు గది. ఒకవైపు కిటికీల్లోంచి ప్రధానమంత్రి నివాసపు తోట, గుర్రపు దళాల కవాతు మైదానం కనిపించే ఆ పెద్ద గదిలో బల్లలు దగ్గర దగ్గరగా వేసి ఉండేవి. పక్క గదిలో డైరెక్టర్ ఉండేవాడు. ఆయన తలుపుకు కాపలాగా, వచ్చే ఫైళ్లను వడబోసే వ్యక్తిగత సహాయకుడిగా, తర్వాతి కాలంలో జేమ్స్ బాండ్ కథలు రాసిన ఇయాన్ ఫ్లెమింగ్ కూర్చునేవాడు. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ గవర్నర్ మాంటెగ్యూ నార్మన్ సిఫారసుతో వచ్చిన ఈ స్టాక్ బ్రోకరుకు అంతకుముందు నౌకాదళంతో సంబంధమే లేదు. అలా వచ్చింది ఆయన ఒక్కడే కాదు. వకీళ్లు, పత్రికా రచయితలు, విశ్వవిద్యాలయ అధ్యాపకులు యూనిఫాం వేసుకుని ఆ విభాగంలో చేరారు. వృత్తి అధికారికి పై అధికారి అభిప్రాయాన్ని కాదనడం పదోన్నతితో ముడిపడిన వ్యవహారం. యుద్ధం ముగియగానే తన కోర్టుకో కాలేజీకో తిరిగి వెళ్లిపోయే మనిషికి ఆ బెంగ ఉండదు. ఎదుటి సాక్షిని నిలదీయడం, ఆధారాన్ని అటూ ఇటూ తిప్పి చూడడం న్యాయవాదికి పుట్టుకతో వచ్చినట్టు వస్తుంది. గాడ్‌ఫ్రే చేసిన మంచి నిర్ణయాలన్నింటిలోకీ ఇదే మొదటిదని చెప్పవచ్చు.

దానికి అత్యుత్తమ ఉదాహరణ రోజర్ విన్. బాల్యంలో వచ్చిన పోలియో వల్ల నడుము వంగిపోయి, నడక కష్టమైన ఈ బారిస్టరును ఏ నౌకాదళ వైద్యుడూ సముద్ర సేవకు అంగీకరించేవాడు కాదు. అటువంటి పౌరుడికి 1941 నాటికి జలాంతర్గాముల జాడ తీసే గదిని అప్పగించారు. అట్లాంటిక్ పటం పరిచిన పెద్ద బల్ల మీద గుచ్చిన పిన్నులే ఆ గదికి ప్రాణం. తీరంలోని రేడియో దిశాసూచక కేంద్రాలు, విమానాల నివేదికలు, మునిగిన నౌకల చివరి సందేశాలు, బ్రిటన్ సంకేత ఛేదన కేంద్రమైన బ్లెచ్‌లీ పార్క్‌లో ఛేదించిన, జర్మన్ల ఎనిగ్మా యంత్రపు రహస్య సంకేతాలు అన్నీ అక్కడికి చేరేవి. ఏ యూ-బోట్ (జర్మన్ జలాంతర్గామి) ఏ దిక్కుగా పోతున్నదో, దానిలో ఇంధనం ఎన్నాళ్లకు సరిపోతుందో, ఆ కెప్టెన్ ఇంతకుముందు ఎలా ప్రవర్తించాడో లెక్కగట్టి, సరుకు నౌకల కాన్వాయ్‌లను (రక్షణతో గుంపుగా సాగే నౌకలను) ఆ దారి నుంచి తప్పించమని విన్ సూచించేవాడు. 1942 ఫిబ్రవరిలో జర్మన్లు యూ-బోట్ల ఎనిగ్మా యంత్రానికి నాలుగో చక్రం జోడించడంతో ఆ సంకేతాలు డిసెంబరుదాకా చదవడానికి వీలు కాలేదు. ఆ పది నెలలూ విన్ బృందం అంతకుముందు పోగు చేసిన అనుభవంతోనూ అంచనాతోనూ నెట్టుకొచ్చింది. సంకేతాలు చేతిలో ఉన్నప్పుడు ఎవరైనా నిఘా అధికారే. అవి ఆగిపోయినప్పుడు నిలబడగలిగిందెవరన్నదే లెక్కలోకి వస్తుంది.

గాడ్‌ఫ్రే పేరుతో ముడిపడిన మరో పని చూడడానికి చిన్నది, ప్రభావంలో పెద్దది. విభాగానికి చేరే ప్రతి సమాచారానికీ ఒక అక్షరం, ఒక అంకె వేసే పద్ధతిని ఆయన హయాంలో పాటించారు. అక్షరం ఆ వార్త తెచ్చిన మనిషి నమ్మకస్థుడా కాదా అన్నది చెబుతుంది, అంకె ఆ వార్త నిజమయ్యే అవకాశం ఎంతో చెబుతుంది. ఈ రెంటినీ విడదీయడంలోనే కిటుకు ఉంది. ఎన్నడూ అబద్ధమాడని దూత కూడా తాను విన్న పుకారును నిజాయితీగానే చేరవేయవచ్చు. తాగుబోతు నావికుడు ఓడరేవు సారాకొట్టులో వాగిన మాట అక్షరాలా నిజం కావచ్చు. మనిషి మీది గౌరవం వార్త మీదికి పాకకుండా చేసే ఈ ఏర్పాటు తర్వాతి కాలంలో నాటో దేశాల సైన్యాల్లోనూ, పోలీసు నిఘా విభాగాల్లోనూ కొద్ది మార్పులతో స్థిరపడింది. మన దేశంలో పై అధికారి బంధువు చెప్పాడనో, ఎమ్మెల్యేగారి మనిషి చెప్పాడనో ఒక వార్తకు బరువు పెరిగిపోవడం చూసినవారికి ఈ విభజన విలువ ప్రత్యేకంగా వివరించనక్కరలేదు.

1940 వసంతంలో నార్వే దండయాత్ర మరో లోటును బయటపెట్టింది. దిగాల్సిన తీరం గురించి, రోడ్ల గురించి, రేవు లోతు గురించి సరైన సమాచారమే సైన్యం దగ్గర లేదు. ఆ అనుభవం తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో త్రివిధ దళాల కోసం ఒక భౌగోళిక సమాచార విభాగం నెలకొంది. బీచిల వాలు, ఇసుక గట్టిదనం, ఆటుపోట్ల వేళలు వంటి వివరాలను అధ్యాపకులు కూడబెట్టారు. యుద్ధానికి ముందు యూరప్ విహారయాత్రల్లో తీసుకున్న ఫొటోలు పంపమని బీబీసీ ద్వారా ప్రజలను కోరితే కుప్పలు తెప్పలుగా వచ్చిపడ్డాయి. పిల్లవాడు ఇసుకలో ఆడుకుంటున్న కుటుంబ ఛాయాచిత్రం వెనక కనిపించే గోడ ఎత్తు, దండు దిగేవాళ్లకు అక్కరకొచ్చే సమాచారమైంది. వివిధ దేశాల మీద ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి పండితులు రాసిన భౌగోళిక సంపుటాల వరుస కూడా ఈ కాలపుదే. 1939 సెప్టెంబరులో గాడ్‌ఫ్రే పేరుతో వెలువడిన, ఫ్లెమింగ్ చెయ్యి ఎక్కువగా ఉందని భావించే ఒక పత్రంలో శత్రువును మోసగించే ఉపాయాల జాబితా ఉంది. అందులో ఒకటి శవం జేబులో దొంగ కాగితాలు పెట్టి వదలడం. 1943లో సిసిలీ దాడికి ముందు స్పెయిన్ తీరంలో అదే ఉపాయాన్ని నిజంగా అమలు చేసినవారిలో ముఖ్యుడు ఈవెన్ మాంటెగ్యూ. ఆయన కూడా గాడ్‌ఫ్రే చేర్చుకున్న న్యాయవాదే.

ఇంత చేసిన మనిషికి పైవాళ్లతో పొసగలేదు. యథార్థవాది లోకవిరోధి అన్న సామెత ఆయన విషయంలో సగం నిజం. మిగతా సగం ఆయన నోటి దురుసు, ఓపిక లేనితనం. నిజమైన సగానికి సాక్ష్యం యూ-బోట్ల లెక్క. 1940 జనవరి 20న రేడియోలో మాట్లాడుతూ, జర్మనీ యుద్ధం మొదలుపెట్టిన నాటి జలాంతర్గాముల్లో సగం మునిగిపోయాయని దాదాపు ఖాయంగా చెప్పవచ్చని అప్పటి నౌకాదళ మంత్రి చర్చిల్ ప్రకటించాడు. యుద్ధారంభంలో జర్మనీ దగ్గర 57 యూ-బోట్లు ఉన్నాయి. సగమంటే 28. 1939 చివరికి నిజంగా మునిగినవి తొమ్మిది. బాంబు వేసిన చోట నూనె తెట్టు తేలితే దాన్ని మునక కింద లెక్కపెట్టాలన్న ఆశ ఒకవైపు, శకలాలో ఖైదీలో దొరికితేనే ఒప్పుకోవాలన్న కఠిన లెక్క మరోవైపు ఉండేవి. రెండో పక్షాన నిలబడ్డ జలాంతర్గామి నిరోధక విభాగపు డైరెక్టర్ కెప్టెన్ టాల్బట్ చర్చిల్ ఆగ్రహానికి గురై సముద్రం మీదికి బదిలీ అయ్యాడు. ప్రజల ధైర్యం కోసం చెప్పిన అంకె, అది చెప్పిన మంత్రికే నిజంగా కనబడడం మొదలైతే కాన్వాయ్‌లకు ఎన్ని రక్షక నౌకలు ఇవ్వాలన్న నిర్ణయం కూడా దాని మీదే పడుతుంది. గాడ్‌ఫ్రే ఆందోళన అదే. శత్రు నిఘా వ్యవస్థల్లో తాను గమనించిన బలహీనతలను ఆయన రెండు మాటల్లో చెప్పేవాడు. మొదటిది కోరుకున్నదే నిజమని నమ్మడం, రెండోది పైవాడికి ఇష్టమైన జవాబే చెప్పడం. ఈ రెండూ జర్మన్ల సొత్తు మాత్రమే కావని ఆయనకు తన కార్యాలయం గోడలే చెప్పి ఉండాలి.

ఆయన విభాగం తప్పులు చేయలేదని కాదు. 1940 జూన్‌లో, అప్పటికి ఇరవై ఒక్క ఏళ్లుగల కేంబ్రిడ్జి విద్యార్థి హారీ హిన్‌స్లీ బ్లెచ్‌లీ పార్క్ నుంచి ఫోన్ చేసి, రేడియో సంభాషణల తీరు మారింది, జర్మన్ భారీ నౌకలు బయటికి వస్తున్నట్టున్నాయని హెచ్చరించాడు. విభాగంలోని కార్యాచరణ కేంద్రం దాన్ని పట్టించుకోలేదు. జూన్ 8న 'గ్లోరియస్' విమాన వాహక నౌక, దాని వెంట ఉన్న రెండు డెస్ట్రాయర్లు నార్వే సముద్రంలో మునిగి పదిహేను వందల మందికి పైగా చనిపోయారు. చెప్పినవాడి అంతస్తును బట్టి వార్తకు విలువ కట్టకూడదన్న సూత్రాన్ని ఆ సూత్రం పుట్టిన ఇంట్లోనే మరిచిపోయారు. 1942 జులైలో సోవియట్ యూనియన్‌కు సరుకులు మోసుకెళ్తున్న పీక్యూ 17 కాన్వాయ్ వ్యవహారం మరింత చేదైనది. జర్మన్ల 'టిర్పిట్జ్' యుద్ధనౌక నార్వే తీరంలోని ఫియర్డ్ (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) నుంచి బయల్దేరలేదని కార్యాచరణ కేంద్రంలోని నార్మన్ డెన్నింగ్ నమ్మాడు. అది సముద్రంలో ఉంటే పొరపాటున దాని మీద టార్పెడో వేయవద్దని యూ-బోట్లకు హెచ్చరిక వెళ్లాలి. అటువంటి హెచ్చరిక ఏదీ రాలేదు కనుక అది కదలలేదన్నది ఆయన వాదన. వినబడని శబ్దం నుంచి లాగిన తర్కం అది. అది అక్కడే ఉందని హామీ ఇవ్వగలవా అని నౌకాదళాధిపతి డడ్లీ పౌండ్ అడిగితే డెన్నింగ్ ఇవ్వలేకపోయాడు. నిజాయితీగల నిఘా అధికారి ఎవడూ ఇవ్వలేడు. పౌండ్ కాన్వాయ్‌ను చెదిరిపొమ్మని ఆజ్ఞాపించాడు. రక్షణ లేకుండా విడిపోయిన సరుకు నౌకలను విమానాలు, యూ-బోట్లు ఒక్కొక్కటిగా వేటాడాయి. 35 నౌకల్లో 24 పోయాయి. టిర్పిట్జ్ ఆ నౌకల దరిదాపులకే రాలేదు.

వీటికంటే లోతైన లోపం మరొకటి ఉంది. జర్మన్ సంకేతాలను ఛేదిస్తున్నామన్న ధీమాలో ఉన్న బ్రిటిష్ నౌకాదళం, కాన్వాయ్‌ల కోసం తాము వాడే మూడో నంబరు నావికా సంకేతలిపిని జర్మన్లు 1942లో చాలా భాగం, 1943 జూన్ దాకా చదువుతున్నారని సకాలంలో గుర్తించలేదు. ఆ బాధ్యత ఒక్క గాడ్‌ఫ్రే విభాగానిదే కాదు. అయినా ఎదుటివాడి తలుపు సందులోంచి చూస్తున్నవాళ్లకు తమ కిటికీ తెరిచి ఉందన్న సంగతి చివరిదాకా తట్టకపోవడం, తర్వాత బొంబాయిలో జరిగినదానికి ముందుమాటలా కనిపిస్తుంది. నౌకాదళ నిఘా చూపు ఎప్పుడూ బయటికే.

1942 సెప్టెంబరులో గాడ్‌ఫ్రేకు వైస్ అడ్మిరల్ హోదా వచ్చింది. దాదాపు అప్పుడే పౌండ్ ఆయన్ని తప్పించాలని నిర్ణయించాడు. త్రివిధ దళాల సంయుక్త నిఘా కమిటీలో తోటి సభ్యులు ఆయనతో కలిసి పనిచేయడం కష్టమని ఫిర్యాదు చేయడం పైకి చెప్పిన కారణం. ఆ ఫిర్యాదు అబద్ధం కాదు. వ్యంగ్యమూ, పదునూ, తొందరపాటూ ఉన్న మనిషని ఆయన్ని అభిమానించిన కింది అధికారులే ఒప్పుకున్నారు. కింది బారిస్టర్ల దగ్గర ఈ గుణం చెల్లింది, సమాన హోదాగల జనరళ్ల దగ్గర చెల్లలేదు. ఆ తర్వాత యుద్ధ సేవలకు ఏ బిరుదూ దక్కకుండా మిగిలిన ఆ హోదా అధికారి ఆయన ఒక్కడేనంటారు. 1943లో ఆయన్ని రాయల్ ఇండియన్ నేవీ అధిపతిగా ఢిల్లీకి పంపారు.

ఆయన చేతికొచ్చిన నౌకాదళం ఉబ్బిపోయిన దళం. యుద్ధానికి ముందు రెండు వేల మంది కూడా లేని ఆ సంస్థ యుద్ధాంతానికి దాదాపు 30,000 మందికి చేరింది. పంజాబు, మద్రాసు, బెంగాలు, మలబారు నుంచి చదువుకున్న కుర్రాళ్లు సిగ్నలర్లుగా, టెలిగ్రాఫిస్టులుగా, మెకానిక్కులుగా చేరారు. రిక్రూటింగ్ అధికారులు చెప్పిన జీతం, హోదా, యుద్ధం తర్వాతి ఉద్యోగం చాలామందికి మాటలుగానే మిగిలాయి. అధికారుల్లో ఎక్కువమంది తెల్లవాళ్లు. వాళ్లలోనూ యుద్ధం కోసం తాత్కాలికంగా వచ్చి, నావికుల భాష, తిండి, ఆచారం ఏదీ తెలియనివాళ్లు చాలామంది ఉన్నారు. యుద్ధం ముగిశాక విడుదల పని నత్తనడక నడిచింది. 1945 నవంబరు నుంచి ఎర్రకోటలో ఆజాద్ హింద్ ఫౌజు అధికారుల విచారణ పత్రికల మొదటి పేజీల్లో ఉంటే, సిగ్నల్ స్కూల్లో చదువు వచ్చిన కుర్రాళ్లు ఆ పత్రికలు చదువుతూనే ఉన్నారు.

ఆ స్కూలు పేరు తల్వార్. బొంబాయిలోని ఈ కేంద్రంలో 1945 డిసెంబరు 1న నేవీ దినోత్సవానికి ముందు రాత్రి గోడల మీద నినాదాలు వెలిశాయి. 1946 ఫిబ్రవరి 2న మళ్లీ రాశారు. ఈసారి టెలిగ్రాఫిస్టు బి.సి. దత్ పట్టుబడ్డాడు. ఆ కొద్ది రోజులకే అక్కడి కమాండర్ కింగ్ తమను నీచమైన బూతులు తిట్టాడని నావికులు రాతపూర్వకంగా ఫిర్యాదు చేశారు. ఇక్కడ కొంచెం ఆగి చూడాలి. ఆ ఫిర్యాదు కాగితాలు నియమం ప్రకారం ప్రయాణించి చేరింది కింగ్ బల్ల మీదికే. నిందితుడే విచారణాధికారి. రోజులు గడిచాయి, ఫలితం శూన్యం. ఫిబ్రవరి 18 ఉదయం రాళ్లున్న అన్నం, నీళ్ల పప్పు ముట్టకుండా దాదాపు 1,100 మంది పనికి వెళ్లడం మానేశారు. మర్నాటికి రేవులోని ఓడలు, ఆ తర్వాత కరాచీ, కలకత్తా, మద్రాసు, కొచ్చిన్ కేంద్రాలు కలిశాయి. విశాఖపట్నంలో సర్కార్స్ అనే నౌకాదళ తీర కేంద్రం ఉండేది. అక్కడి నావికులూ సమ్మెలో చేరారు. ఎం.ఎస్. ఖాన్, మదన్ సింగ్ నాయకత్వంలో కేంద్ర సమ్మె కమిటీ ఏర్పడింది. ఫౌజు ఖైదీల విడుదల, ఇండోనేషియా నుంచి భారత సేనల ఉపసంహరణ వంటి రాజకీయ కోర్కెలు కూడా తిండి, జీతం కోర్కెల పక్కన చేరాయి.

ఈ వరుసను ఒక నిఘా విశ్లేషకుడి ముందు పెడితే, గోడ రాతలను, తిట్ల ఫిర్యాదును, తిండి మీది అసంతృప్తిని, విడుదల ఆలస్యాన్ని ఒకే బల్ల మీద పిన్నులుగా గుచ్చి ఉండేవాడు. ఆ బల్ల ఢిల్లీలో లేదు. ఉన్నది అధికార సోపానం ఒక్కటే. కింది డెక్కులోని సాధారణ నావికుల సంగతులు డివిజన్ అధికారికి, ఆయన నుంచి కమాండర్‌కు, అక్కడి నుంచి బొంబాయి ఫ్లాగ్ ఆఫీసర్‌కు, ఆయన నుంచి ఢిల్లీకి వెళ్లాలి. మెట్టు మెట్టుకూ తమ క్రమశిక్షణ బాగానే ఉందని చెప్పుకోవాల్సిన అవసరం ఉన్నవాళ్లే ఉన్నారు. గోడ మీద నినాదం రాసినవాణ్ణి పట్టుకోవడం భద్రతా వ్యవహారంగా సాగింది, అతనెందుకు రాశాడన్నది ఎవరి పనీ కాలేదు. పైవాడికి ఇష్టమైన జవాబు చెప్పడమన్న జబ్బు లండన్‌లో గాడ్‌ఫ్రే మాటల్లో ఉంది, బొంబాయిలో ఆయన సొంత యంత్రాంగంలోనే ఉంది. లండన్‌లో దానికి ఆయన కనిపెట్టిన విరుగుడు, పదోన్నతి అక్కరలేని బయటివాళ్లను లోపలికి తెచ్చుకోవడం. భారత నౌకాదళంలో బయటివాడంటే భారతీయుడు. తెల్ల అధికారి ముందు మనసు విప్పి నిజం చెప్పే స్థితి, చెప్పినా క్షేమంగా ఉండే స్థితి ఆ భారతీయుడికి వలస పాలనలో లేదు. ఈ అడ్డుగోడను ఒక తెలివైన అడ్మిరల్ తన నేర్పుతో దాటగలిగేవాడని అనుకోవడం కష్టం. దాటే ప్రయత్నం ఎంత చేశాడన్నది మాత్రం ఆయన్నే అడగవలసిన ప్రశ్న.

ఫిబ్రవరి 21 ప్రసంగాన్ని కూడా ఈ వెలుగులోనే చూడాలి. జర్మన్ అడ్మిరల్‌కు ఏ మాట ఏ భయం పుట్టిస్తుందో లెక్కగట్టగల మనిషి, బొంబాయి వీధులు ఆ బెదిరింపును ఎలా వింటాయో లెక్క తప్పాడు. బాంబర్లు రేవు మీద తక్కువ ఎత్తులో ఎగిరాయి, 'గ్లాస్గో' క్రూజర్‌ను ట్రింకోమలీ నుంచి పిలిపించారు. నావికులు లొంగింది వీటికి జడిసి అనడం కంటే, సర్దార్ పటేల్ ఆయుధాలు దించమని చెప్పినందువల్ల అనడం సత్యానికి దగ్గర. ప్రసంగం మర్నాడు, 22న నగరమంతా హర్తాళ్‌లో రోడ్డెక్కింది. కాల్పుల్లో రెండు వందల మందికి పైగా పౌరులు చనిపోయారు. 23న నావికులు లొంగిపోయారు.

పాట్నా హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ సయ్యద్ ఫజల్ అలీ అధ్యక్షతన ఏర్పడిన విచారణ సంఘంలో మెహర్‌చంద్ మహాజన్ వంటి న్యాయమూర్తులతోపాటు ఒక వైస్ అడ్మిరల్, ఒక మేజర్ జనరల్ కూడా ఉన్నారు. రాజకీయ ప్రభావాన్ని కాదనకుండానే, మూలకారణం కొలువులోని దీర్ఘకాలపు అసంతృప్తి అని సంఘం తేల్చింది. తిండి, జీతం, నెరవేరని రిక్రూటింగ్ హామీలు, జాతి వివక్ష, విడుదలలో జాప్యం, అధికారులకూ నావికులకూ మధ్య సంబంధం తెగిపోవడం వంటి కారణాలన్నీ ఎవరూ సంకేతలిపిలో దాచిపెట్టినవి కావు. ఏ బ్లెచ్‌లీ పార్కూ అక్కరలేకుండా భోజనశాలలో రోజూ వినబడుతున్న మాటలవి. సంఘం నివేదిక ఇచ్చేనాటికి గాడ్‌ఫ్రే దేశంలో లేడు. 1946 మార్చిలో వైస్ అడ్మిరల్ జెఫ్రీ మైల్స్ ఆయన స్థానంలో వచ్చాడు. సమ్మె చేసినందుకు కొలువు పోగొట్టుకున్న వందలాది నావికులను స్వతంత్ర భారత నౌకాదళం గానీ పాకిస్తాన్ నౌకాదళం గానీ వెనక్కి తీసుకోలేదు. గాడ్‌ఫ్రే ఇంగ్లండ్‌లో కొన్నేళ్లు ఆసుపత్రుల నిర్వహణ కమిటీ పనిలో గడిపి, 1960లలో తన నౌకాదళ జీవిత స్మృతులను అనేక సంపుటాలుగా టైపు చేయించాడు. అవి ముద్రణకు రాలేదు, కేంబ్రిడ్జిలోని చర్చిల్ కాలేజీ భాండాగారంలో ఉన్నాయి.